గడ్డపార పట్టుకునే ముందు గట్టు చూడండి

(ఆదివారం సాయంత్రం మన హైస్కూల్లో జరిగిన మీటింగుకి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డ అన్నలు కూడా లోపలికి రండి, కుర్చీలు ఉన్నాయి. మన కాలవ నీళ్ళు, గట్టు చూసుకునే లస్కర్లు వచ్చారు, ఆయకట్టు రైతులు వచ్చారు, పొద్దున్నే గట్టు మీద నడిచే అక్కలు వచ్చారు. ఇంతమంది వస్తారనుకోలేదు నేను.

చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది ముందే చెప్పేస్తా, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. మన కాలవ గట్టు బాగుచెయ్యడానికి మనం చెయ్యబోయే పనిలో మొక్కలు నాటడం ఆఖర్న వస్తుంది. ఆఖర్న. ముందు ఈడ ఏమేం బతుకుతా ఉన్నాయో చూడాలి, వాటికి అడ్డం వచ్చేదేందో తెలుసుకుని అది కొంచెం కొంచెంగా తియ్యాలి, తీసిన చోట దానంతట అది ఏం మొలుస్తుందో గమ్మున ఉండి చూడాలి, ఇంకా ఖాళీ ఉంటే అప్పుడు మన వానలు పడే టైముకి మొక్క పెట్టాలి. ఈ వరస తిరగేస్తే ఫొటోలు బాగా వస్తాయి, గట్టు మాత్రం బాగుపడదు.

ఎందుకంటారా? గట్టు ఏందో ఒకసారి ఆలోచించండి. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1886 నాటిది. ఇప్పుడు రెండు చోట్లా కొత్త బ్యారేజీలు వచ్చాయి, 2022లో ప్రారంభించారు. ఆనకట్టలు ఎప్పుడు కట్టారో అప్పట్నించి ఈ పెన్నా డెల్టాలో కాలవలు పారతానే ఉన్నాయి, కాలవ తవ్విన మట్టి పక్కన పోసి గట్టు చేశారు, ఆ గట్టు మీద ఎవరూ దున్నలా, ఎవరూ నాటలా. అదీ సంగతి. ఊరి చుట్టూ ఒకప్పుడు తోపులు ఉండేవి, దిబ్బలు ఉండేవి, పశువుల బీడు ఉండేది, ఇప్పుడు యాడున్నాయి? పొలం పొలానికీ మధ్య గెనెం కూడా సన్నగా చెక్కేశాం, సముద్రం వైపుకి పోతే రొయ్యల గుంటలు, టౌను వైపుకి పోతే ప్లాట్లు. ఆ తోపుల్లో దిబ్బల్లో బీళ్ళలో ఉన్న జీవాలన్నీ యాడికి పోవాలి? మిగిలింది ఈ గట్టే. పది పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుందేమో, కానీ పొడుగ్గా ఉంటుంది, ఒక చెరువు దగ్గర్నించి ఇంకో చెరువు దాకా తెగకుండా పోతుంది. ముంగిస ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే రోడ్డు మీద పోదు గదా, గట్టెమ్మటే పోతుంది. ఉడుమైనా అంతే, నక్కైనా అంతే. మనకి నడకదారి అయినట్టే వాటికీ ఇదే దారి.

అందుకని నేను అడిగేదేందంటే, పని మొదలుపెట్టే ముందు ఒక పొద్దున, ఒక సాయంత్రం, చేతిలో ఏ పనిముట్టూ లేకుండా గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి. మాట్లాడుకోకుండా. ఏమేం కనపడతాయో నేను కొన్ని చెప్తా, మీరు చూసి ఇంకా చెప్పండి.

లాకుల దగ్గర తాటిచెట్లు ఉన్నాయి గదా, వాటికి ఎండిపోయిన మట్టలు కిందకి వేలాడతా ఉంటాయి, చూడ్డానికి బాగాలేదని కొట్టేద్దాం అని ఇంతకుముందు ఒక అన్న అన్నాడు. ఆ మట్టల కింద సన్నగా, గాల్లో కొడవలి తిప్పినట్టు తిరిగే చిన్న పిట్టలు ఉంటాయి, అవి ఎప్పుడూ కింద వాలవు, చూశారా ఎప్పుడైనా? ఆ పిట్ట తన ఎంగిలితో ఈకల్ని, దూదిని ఆకుకి అతికించి అక్కడే గూడు పెడుతుంది. తాటాకు లేకపోతే ఆ పిట్ట లేదు. ఎండిన మట్ట కొట్టారంటే గూడు పోయినట్టే. అట్నే తల తెగిన మొండి తాటి ఒకటుంది, ఎప్పుడో పిడుగు పడిందంటారు, దాన్ని కూడా తీసేద్దామంటా ఉన్నారు. దానికి పైన బొక్కలున్నాయి, దగ్గరికి పోయి చూడండి, రామచిలకలు వస్తా పోతా ఉంటాయి. 2018లో మన రాష్ట్రానికి పక్షి అని ప్రకటించింది ఆ రామచిలకనే. చిలక తానుగా గూడు కట్టుకోలేదు, తొర్ర కావాల, తొర్ర ఎండిన మానులోనే బాగా దొరుకుతుంది. మనం ఎండిన మానుని పనికిరానిది అంటాం. పైడికంటి అనే చిన్న గుడ్లగూబ కూడా అందులోనే ఉంటుంది, వడ్రంగి పిట్ట దానికే వస్తుంది, నల్లటి పెద్ద తుమ్మెదలు దానికే బొక్క పెట్టుకుంటాయి. కాబట్టి మనుషుల మీదో కరెంటు తీగల మీదో పడే ప్రమాదం లేకపోతే మొండిమానుని ముట్టుకోవద్దు. దయచేసి.

ఇంకొంచెం ముందుకి పోతే కాలవ అంచున మట్టి నిటారుగా కోసుకుపోయిన చోటు ఉంది, అక్కడ మట్టిలో గుండ్రంగా బొక్కలుంటాయి, పిల్లలు ఎలక బొక్కలనుకుంటారు. అవి లకుముకి పిట్టవి. లకుముకి చెట్టు మీద గూడు పెట్టదు, మట్టి గోడలో చెయ్యంత పొడుగు సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడుతుంది. ఆ పచ్చ రంగు సన్న పిట్ట, తోక మధ్యలో సూది మాదిరి పొడుచుకు వస్తుందే, తేనెటీగల్ని గాల్లోనే పట్టి తింటుంది, అదీ అంతే, మట్టిలోనే. ఇప్పుడు గట్టు వాలంతా సాపు చేసి సిమెంటు వేస్తే ఆ పిట్ట యాడ తవ్వాల? సిమెంటు లైనింగు వద్దని నేను అనట్లా, చివరి భూములకి నీళ్ళు అందట్లేదని రైతులు పడే బాధ నాకు తెలుసు, నీళ్ళు ఇంకిపోతాయి, గండి పడుతుంది. కానీ గట్టు మొత్తంలో నీటి ఒత్తిడి లేని చోట, మలుపు దాటాక, రెండు మూడు చోట్ల మట్టి అంచు అట్నే ఉంచమని అడగొచ్చు గదా, ఎవరం అడగలా ఇప్పటిదాకా. అడుగుదాం.

పైన కంకర పరిచిన చోట ఎండాకాలంలో తీతువు పిట్ట గుడ్లు పెడుతుంది, వట్టి నేల మీద, గూడూ లేదు గీడూ లేదు, నాలుగు రాళ్ళ మధ్య రాళ్ళ రంగులోనే గుడ్లు. అది అరిస్తే అపశకునం అంటారు మనోళ్ళు. పాపం, అది మనల్ని గుడ్ల దగ్గర్నించి పక్కకి లాగడానికి అరుస్తుంది. అరిచిన చోట ఆగి వెనక్కి నడవండి, అంతే, కాలి కింద పడకుండా ఉంటాయి.

ఆ పుట్ట సంగతి. నాగులచవితికి అందరం పోయి పాలు పోస్తాం. మరి చవితి పోయాక ఆ పుట్టని జేసీబీతో చదును చేస్తే? పుట్టలో చెదపురుగులు పోయినా ఆ బొక్కల్లో ఉడుము ఉంటుంది, జెర్రిపోతు ఉంటుంది, కప్పలు ఎండాకాలమంతా లోపలే దాక్కుని ఉంటాయి. ఉడుముని కొట్టి తింటారు కొంతమంది, నడుము నొప్పికి మంచిదని. 1972 వన్యప్రాణి చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది, పులి ఉన్న షెడ్యూలే అది. దాన్ని చంపితే జైలు. భయపెట్టడానికి చెప్పట్లేదు, చాలామందికి నిజంగా తెలియదు కాబట్టి చెప్తా ఉన్నా.

సర్కారు తుమ్మ

సరే, ఇప్పుడు అందరూ ఎదురుచూసే విషయానికి వస్తా. సర్కారు తుమ్మ. గట్టు మీద ముప్పాతిక భాగం అదే. తీసెయ్యాల్సిందేనా? తీసెయ్యాల్సిందే. దాంట్లో నాకు రెండో మాట లేదు. అయితే ఎట్ట, ఎప్పుడు, ఎంత అన్నది చాలా జాగ్రత్తగా ఆలోచించాలి.

ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండం వైపుది. 1877లో వంట చెరుకు కోసం అని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ వాళ్ళు విత్తనాలు తెప్పించి మన పక్కనే కడప జిల్లా కమలాపురం దగ్గర వేశారు. అక్కడ్నించి చూడండి ఇప్పుడు, నెల్లూరు, ప్రకాశం, అవతల తమిళనాడు, ఇవతల గుజరాత్ దాకా, ఎండిన భూమి యాడుంటే ఆడ అదే. ఎందుకట్ట పాకింది? కాయ తియ్యగా ఉంటుంది, మేకలు, గొడ్లు, పందులు ఇష్టంగా తింటాయి, గింజ అరగదు, పేడలో పెంటికల్లో పడి మొలుస్తుంది. కొట్టేస్తే మొదట్నించి పది కొమ్మలు వేస్తుంది. వేరు లోతుకి పోతుంది. దాని నీడలో, రాలిన ఆకులో గడ్డి కూడా సరిగ్గా మొలవదు. పక్కన ఉన్న బలుసు, కలివి, రేగు పొదలు మెల్లగా చచ్చిపోతాయి. నీటి అంచుకి వచ్చిందంటే తుంగ, రెల్లు కూడా పోతాయి.

ఇంత చెడ్డదైనా గానీ, ఇప్పుడు ఆ కంపలోనే పికిలిపిట్టలు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి. నీళ్ళ మీదకి వాలిన కొమ్మలకి గిజిగాళ్ళ గూళ్ళు వేలాడతా ఉన్నాయి, మీరే ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకుంటారు గదా. ముంగిస పిల్లల్ని పెట్టేది ఆ కంప కిందే. ఎందుకంటే వేరే చెట్టు లేదు వాటికి. ఉన్న చెట్టుని అవి ఇల్లు చేసుకున్నాయి. రేపు ఒక జేసీబీ మాట్లాడి రెండు రోజుల్లో గట్టు మొత్తం నున్నగా చేసి, మూడో రోజు వరసగా మొక్కలు పెట్టామనుకోండి, ఉన్న ఇల్లు కూలగొట్టి, కొత్తిల్లు పదేళ్ళకి కట్టిస్తాం అప్పటిదాకా వీధిలో పడుకోండి అన్నట్టు ఉంటుంది. పదేళ్ళు ఆగుతాయా? ఒక్క సీజను కూడా ఆగవు.

ఆ మూలన కూర్చున్న సార్ చెయ్యెత్తారు. అవును సార్, జేసీబీ అయితే ఒక పూట పని, మనమైతే ఎన్నో ఆదివారాలు. నిజమే. కానీ జేసీబీ పళ్ళు తుమ్మనీ బలుసునీ వేరుచేసి చూడవు, పుట్టనీ కుప్పనీ వేరుచేసి చూడవు, పైగా మట్టంతా తిరగబడి, లోపల ఎన్నో ఏళ్ళుగా పడి ఉన్న సర్కారు తుమ్మ గింజలన్నీ పైకి వస్తాయి, వాన పడగానే కొత్తగా అడివి లేస్తుంది. పైన వదులు చేసిన మట్టి మొదటి పెద్ద వానకి కాలవలోకి కొట్టుకుపోతుంది. 2021 నవంబరు వరద అందరికీ గుర్తుంది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, హైవే ఆగిపోయింది. అంత నీటికి ఏ గట్టూ ఆగకపోవచ్చు, కానీ మామూలు వానలకి మట్టిని పట్టుకునేది గడ్డి వేరు, రెల్లు వేరు, కానుగ వేరు. ఆ వేర్లు తీసేసి మట్టి వదులు చేసి నవంబరు కోసం ఎదురుచూడ్డం నాకైతే భయం.

అందుకని మన పద్ధతి ఇట్ట పెట్టుకుందాం. గట్టుని ముక్కలుగా అనుకుందాం, ఒక ముక్క తీస్తే పక్క ముక్క వదిలేద్దాం, వదిలిన ముక్కని తీసిన చోట పొదలు లేచాకే ముట్టుకుందాం, రెండేళ్ళు పట్టినా సరే. కొట్టే ముందు ఒకరు చుట్టూ తిరిగి గూడు ఉందా, పిల్లలున్నాయా చూడాలి, ఉంటే ఆ చెట్టుకి గుడ్డ కట్టి వదిలెయ్యాలి. గిజిగాడి గూడు పచ్చగా కొత్తగా ఉంటే పని జరగతా ఉన్నట్టు, దాని జోలికి పోవద్దు. కొట్టడం అంటే పైన కొట్టడం కాదు, మొదలు చుట్టూ తవ్వి అడుగు లోతున వేరు నరకాలి, చిగురు వేసే భాగం అంతా మొదట్లోనే ఉంటుంది, అది బయటికి రావాల. చిన్న మొక్కలైతే వాన పడ్డ మర్నాడు చేత్తో పీకితే వస్తాయి, అది పిల్లలు చెయ్యొచ్చు, గ్లౌజులు వేసుకుని. ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుంది, లోపల విరిగిపోతే ఇంకా కష్టం, నిర్లక్ష్యం చెయ్యొద్దు. కాయలు ముదరక ముందే కొట్టాలి, కాయలున్న కొమ్మలు మేకల దగ్గర పడెయ్యొద్దు.

కొట్టిన కంప ఏం చెయ్యాల? రెండు పనులు. సన్న కంప దాచుకోండి, మొక్కలకి చుట్టూ వేసేది అదే, ఇనప కంచెకి డబ్బులు అక్కర్లేదు, మేక రాదు. లావు కట్టె మాత్రం మనది కాదు. గట్టు పక్కన ఉండే యానాదుల ఇళ్ళకి ఆ కట్టే పొయ్యి, ఆ బొగ్గే కూలి. ఈ విషయం కొంచెం గట్టిగా చెప్తా, ఏమనుకోవద్దు. గట్టు బాగుచేస్తాం అని మొదలుపెట్టిన చోట కొన్నిసార్లు ఆఖరికి ఏం జరుగుతుందంటే గేటు పెడతారు, బోర్డు పెడతారు, కట్టె కొట్టుకునే ఆమెని, గాలం వేసే పిల్లాడిని తరిమేస్తారు. అట్ట జరిగితే నేను ఈ పనిలో ఉండను. ఏ బొక్కలో ఏముందో, ఏ నీళ్ళలో ఏ చేప ఎప్పుడు గుడ్డు పెడుతుందో, ఏ పాము విషం ఏ పాము కాదు, వాళ్ళకి తెలిసినంత ఈ హాల్లో ఎవరికీ తెలియదు. వాళ్ళని పిలుద్దాం, ఫొటో కోసం కాదు, పని చూపించడానికి. వాళ్ళు వచ్చిన రోజు కూలి ఇద్దాం. వాలంటీర్ అంటే ఊరికే చేసేవాడు, నిజమే, ఆదివారం ఊరికే పని చేసినా సోమవారం జీతం వచ్చేవాడికి అది కుదురుతుంది.

మన వానాకాలం వేరు

నాటడం గురించి. ఇది చాలా ముఖ్యం, అమ్మాయిలూ రాసుకోండి. వనమహోత్సవం అని 1950లో కేంద్ర మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ గారు మొదలుపెట్టారు, జులై మొదటి వారం. మంచి పని. దేశంలో చాలా చోట్లకి జులైలో వానలు ముదురుతాయి కాబట్టి సరిపోతుంది. మరి మనకి? జులైలో నెల్లూరు ఎట్టుంటుంది? పడమటి గాలి కొడతా ఉంటుంది, మొహం మీద సెగ కొట్టినట్టుంటుంది, ఒక జల్లు పడితే మళ్ళీ పది రోజులు ఉండదు. మన జిల్లాకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడితే అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే పడుతుంది, ఈశాన్య రుతుపవనాల వాన. మన పెద్దోళ్ళు మొలగొలుకుల వరి ఎప్పుడు వేసేవాళ్ళు? ఈ వానలు చూసుకునే గదా. మరి మొక్కల దగ్గరికి వచ్చేసరికి క్యాలెండరు చూసి జులైలో పెడతాం, ఆగస్టుకి ఎండిపోతాయి, మళ్ళీ ఏడాది అదే గుంటలో ఇంకోటి పెడతాం.

మనం అట్ట చెయ్యొద్దు. సెప్టెంబర్లో గుంటలు తీసి వదిలేద్దాం. చిత్త కార్తెలో, స్వాతి కార్తెలో మంచి వాన ఒకటి పడి నేల మోచేతి లోతు దాకా తడిశాక నాటుదాం. దసరాకి దీపావళికి మధ్య అనుకోండి. నవంబరు, డిసెంబరు దేవుడే నీళ్ళు పోస్తాడు, జనవరి ఫిబ్రవరి మంచు ఉంటుంది, మార్చి నుంచి మన వంతు. మొదటి ఎండాకాలం రోహిణి కార్తె దాటితే ఆ మొక్క బతికినట్టే. అంటే ఎన్ని నాటుదాం అన్న లెక్క యాడ్నించి రావాల? మే నెలలో బిందె మోసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో అక్కడ్నించి రావాల. పేర్లు రాసుకున్నాకే గుంట తియ్యండి.

ఏం నాటాలి? మీరందరూ వాట్సాప్‌లో పంపిన లిస్టులు చూశాను, గుల్‌మొహర్, ఏడాకుల చెట్టు, కోనోకార్పస్. వద్దండీ. తొందరగా పెరుగుతాయి, పచ్చగా ఉంటాయి, కాదనను. మన పిట్టకి తినే కాయ లేదు, మన సీతాకోకచిలక పిల్లకి ఆకు పెద్దగా పనికిరాదు. నేలపట్టు అందరూ చూశారు గదా, మొన్నటిదాకా మన జిల్లాలోదే, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. 1976లో పక్షుల కేంద్రం అని ప్రకటించారు. అక్కడికి గూడబాతులు, పెలికాన్లు అంటారే అవి, ఎందుకొస్తాయి? చెరువులో నీళ్ళలో నిలబడి కడప చెట్లు ఉన్నాయి. ఆ చెట్టు మొదలు నెలల తరబడి నీళ్ళలో మునిగినా చావదు, చుట్టూ నీళ్ళుంటే పిల్లి, కుక్క ఎక్కలేవు, అందుకని వాటి మీద గూళ్ళు పెడతాయి. అక్టోబరులో మన వానలకే వస్తాయి అవి కూడా, వాటికి తెలుసు మన వానాకాలం ఎప్పుడో. రెట్ట పడ్డ నీళ్ళు పొలానికి బలం అని అక్కడి రైతులు వాటిని తరమరు, కాపాడతారు. మన గట్టుకి పెలికాన్లు వస్తాయని నేను ఆశ పెట్టట్లా. కానీ చెరువులోకి కాలవ కలిసే చోట, ఎప్పుడూ మునిగే పల్లంలో, కడప చెట్లు పెడదాం, ఏ కొంగైనా వాలుతుంది, నీటికాకైనా వాలుతుంది.

వాలు మీద కానుగ, నేరేడు. గట్టు పైన ఈత, తాటి. తాటికి నర్సరీ కూడా అక్కర్లేదు, పండు తిన్నాక టెంకలు ఏరుకొచ్చి పాతితే చాలు, అది మెల్లగా పెరుగుతుంది, మీ మనవళ్ళు చూస్తారు. జువ్వి, మేడి, రావి, ఇవి ఉంటే పిట్టలకి ఏడాది పొడుగూ ఏదో ఒకటి కాస్తా ఉంటుంది. అయితే లస్కరన్న ఇందాక ఒక మాట చెప్పాడు, అందరూ వినండి, తూముల దగ్గర, లాకుల దగ్గర రావి, మర్రి, జువ్వి పెట్టొద్దు, వేరు రాతి కట్టడంలోకి దూరి పగలగొడుతుంది. ఆయన చెప్పిన చోట పెట్టొద్దు అంతే. గట్టు ఆయన కాపాడేది.

చెట్లకన్నా పొదలు ముఖ్యం నా దృష్టిలో. కలివి, బలుసు, రేగు, వావిలి, తంగేడు. పొద ఉంటేనే చిన్న పిట్ట దాక్కుంటుంది. ఇంక, ఎవరూ నాటనివి, నాటక్కర్లేనివి కొన్ని ఉన్నాయి, వాటిని పీకకుండా ఉంటే చాలు. జిల్లేడు ఆకు మీద గీతల గీతల పురుగు చూశారా పిల్లలూ? అది ఆరంజి రంగు సీతాకోకచిలక అవుతుంది. గాడిదగడపాకు అని నేల మీద పాకే తీగ, చేదుగా ఉంటుంది, మన అమ్మమ్మలు మందుకి వాడేవాళ్ళు, ఎర్ర మచ్చల నల్ల సీతాకోకచిలక గుడ్లు పెట్టేది దాని మీదే, ఆ జాతి తీగ తప్ప ఇంకోటి తినదు దాని పిల్ల. శ్రమదానం అని వచ్చి పచ్చగా కనపడిందల్లా చెక్కేస్తే పోయేవి ముందు ఇవే. పిల్లలు ఒక పని చెయ్యండి, వాటి పక్కన సున్నం పూసిన రాయి పెట్టండి, పెద్దోళ్ళు పార ఆపుతారు.

వయ్యారిభామ మాత్రం పూత రాకముందే పీకండి, చేతికి కవరు వేసుకుని. కాలవలో గుర్రపు డెక్క తీసేటప్పుడు, దయచేసి వెంటనే ట్రాక్టర్లో ఎక్కించొద్దు, ఒక రోజు నీటి అంచునే కుప్ప పెట్టండి. ఆ వేర్లలో చేపపిల్లలు, నత్తలు, కప్పలు ఉంటాయి, వెనక్కి నీళ్ళలోకి పోయే అవకాశం ఇవ్వాలి.

రైతన్నలు ఇందాక ఎలకల గురించి అడిగారు. గట్టు గుబురైతే ఎలకలు, పాములు పెరుగుతాయి, మా వరి పోతుంది అన్నారు. న్యాయమైన భయం. కానీ ఎలకలు ఇప్పుడు లేవా? గట్టు నున్నగా ఉన్న చోట లేవా? ఎలకకి కావాల్సింది పొలంలోనే ఉంది. ఎలకని తినేవాటికి కావాల్సింది గట్టు మీద ఉండాలి, తొర్రలో తెల్ల గుడ్లగూబ, పుట్టలో జెర్రిపోతు, పొదలో ముంగిస. జెర్రిపోతుకి విషం లేదు, దాన్ని కొట్టిన ప్రతిసారీ ఎలకలకి మేలు చేసినట్టు. నాగు, కట్లపాము, రక్తపింజర ఉన్నాయి, కాదనను. అందుకే బూట్లు లేకుండా పనికి రావద్దు, కంపలో కర్రతో తట్టకుండా చెయ్యి పెట్టొద్దు, సాయంత్రం టార్చి లేకుండా నడవొద్దు. ఎవరినైనా కరిస్తే కదలకుండా కూర్చోబెట్టి నేరుగా ప్రభుత్వాసుపత్రికి. తాడు బిగించి కట్టడం వద్దు, కొయ్యడం వద్దు, మంత్రం దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. దానికి ఇంజక్షను ఉంది, టైముకి పడితే మనిషి బతుకుతాడు.

ఎండాకాలంలో గడ్డి ఎండిందని అగ్గిపెట్టడం మానాలి, ఇది రైతులకి కూడా చెప్తా ఉన్నా, వరి కొయ్యలు తగలబెట్టినప్పుడు గట్టుకి అంటుకుంటుంది, తీతువు గుడ్లు, ఉడుము పిల్లలు, మనం నాటిన మొక్కలు ఒకే మంటలో పోతాయి. ఇంకోటి లైట్లు. నడిచే అక్కలకి భయం ఉంటుంది, లైటు కావాలంటారు, ఊరికి దగ్గరున్న ముక్క వరకు పెట్టిద్దాం, కింద మాత్రమే వెలుగు పడేటట్టు. మిగతాది చీకటిగా ఉండనిద్దాం. మిణుగురులు ఒకదాన్నొకటి వెతుక్కునేది ఆ వెలుగుతోనే, మన లైటు ముందు అది కనపడదు. ఈ వయసు పిల్లల్లో మిణుగురు పురుగు చూసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూడండి, ఇద్దరే.

లెక్క రాయడం పిల్లలకి అప్పజెప్తా ఉన్నా. ఎన్ని మొక్కలు నాటాం అని కాదు, ఏ పిట్ట యాడ కనపడింది, ఎన్ని, ఏం చేస్తా ఉంది. ఈబర్డ్ అని పిట్టల లెక్క రాసే యాప్ ఫోన్లో ఉచితంగా వస్తుంది, అందులో ఎక్కించొచ్చు, లేకపోతే నోటు పుస్తకం చాలు. పిట్ట పేరు తెలియకపోతే మీ ఇంట్లో ఏమంటారో అదే రాయండి, తర్వాత కలిపి చూద్దాం. జనవరిలో దేశమంతా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి జరగతా ఉంది, అప్పటికి మన దగ్గర మూడు నెలల రాత ఉండాలి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి లాకుల దగ్గర కలుద్దాం. మొదటి వారం నడక మాత్రమే, ఎవరూ గడ్డపార తేవద్దు, సున్నం డబ్బా, గుడ్డ పేలికలు, నోటు పుస్తకాలు తెండి. ఆ పై వారం మొదటి ముక్క, మొండి తాటికి అవతల నుంచి కల్వర్టు దాకా, సర్కారు తుమ్మ తవ్వుదాం, దానికి గడ్డపారలు, మచ్చుకత్తులు, గ్లౌజులు కావాలి, ఇంట్లో ఉన్నవాళ్ళు పేరు చెప్పండి, రెండు సెట్లు అదనంగా ఉంటే మంచిది. మే నెల నీళ్ళకి పేర్లు ఇచ్చే కాగితం ఇప్పుడు ఈ వరస నుంచి మొదలుపెట్టి తిప్పుతా ఉన్నారు, ఫోన్ నంబరు కూడా రాయండి, వారంలో ఏ రోజు కుదురుతుందో అది కూడా రాయండి. అమ్మా, ఆ పెన్ను ఇటివ్వండి, ముందు నా పేరు రాస్తా.